ముద్ద మింగని పసివాళ్లు: ఉద్దానంలో తినిపించే తీరు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో పసిబిడ్డకు తినిపించడం ఇంటిల్లిపాది పని. ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక చోడి (రాగి) జావ, పప్పుకట్టుతో మెదిపిన అన్నం మొదలయ్యేవి. తల్లి తోటపనికి వెళ్తే నాయనమ్మో అక్కో బిడ్డను చంకనేసుకుని, గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చేది. కాకిని చూపిస్తూ, నోరు తెరిచినప్పుడల్లా గోరుముద్ద పెట్టి, అది మింగేదాకా ఆగేది. ఈ పద్ధతి బలమంతా ఆ తీరుబడిలోనే ఉంది.

బిడ్డ మొహం తిప్పుకుంటే ముందుగా దిష్టి గుర్తొచ్చేది. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేవారు. దానివల్ల బిడ్డకు నేరుగా హాని లేదు గాని, నోటిపూతో, గొంతు నొప్పో, మింగలేకపోవడమో బయటపడటం ఆలస్యమయ్యేది. కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గు బలవంతంగా పోసే అలవాటు మాత్రం నిజంగా ప్రమాదకరం. పొరబోతే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఆ బిడ్డకు గిన్నె చూస్తేనే భయం పట్టుకుంటుంది.

20వ శతాబ్దం రెండో సగంలో ఉద్దానం ప్రాంతంలోని పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమ విస్తరించింది. పిక్కలు కొట్టడం, పొట్టు తీయడం, పప్పు ఏరడం ఎక్కువగా ఆడవాళ్ల పనులయ్యాయి. పిక్క కొట్టేటప్పుడు చిమ్మే జీడి నూనె వేళ్లను నల్లబరిచి పుండ్లు చేస్తుంది. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చిన తల్లి అవే వేళ్లతో ముద్ద కలపాలి. కూలి డబ్బుతో ఇంట్లోకి తిండి వచ్చింది. తినిపించే సమయం తగ్గింది.

తల్లికి తీరిక లేని ఇలాంటి సమస్యను ప్రపంచం ముందు పెట్టినవారిలో శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఒకరు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన ఆయన, 1996లో యూనిసెఫ్ ప్రచురణలో మరో ఇద్దరితో కలిసి ఒక వ్యాసం రాశారు. ఆఫ్రికా కంటే దక్షిణాసియా పిల్లల్లోనే పోషకాహార లోపం ఎందుకు ఎక్కువన్నది అందులోని ప్రశ్న. తల్లికి ఇంట్లో విలువ, విశ్రాంతి, బిడ్డను చూసుకునే వెసులుబాటు లేకపోవడం పెద్ద కారణమని వారు తేల్చారు. జిల్లా నుంచి వెళ్లిన వైద్యుడు చెప్పిన ఈ మాట జీడి కూలీల ఇళ్లకు అక్షరాలా వర్తిస్తుంది.

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగలు 10, బెల్లం 20 గ్రాములు కలిపిన ‘హైదరాబాద్ మిక్స్’ అక్కడిదే. 1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై, అంగన్‌వాడీల ద్వారా పౌష్టికాహారం పల్లెలకు చేరడం ఆరంభమైంది. పెట్టే పదార్థానికి దొరికినంత శ్రద్ధ పెట్టే విధానానికి చాలాకాలం దొరకలేదు.

ఆ లోటుపై జాతీయ పోషకాహార సంస్థే నల్గొండ జిల్లాలో ఒక అధ్యయనం చేసింది. 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. రెండో జట్టులో ఏం పెట్టాలో నేర్పారు. మూడో జట్టులో దానితోపాటు బిడ్డ ఆకలి సైగలు గమనించడం, ఓపికగా తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. నేర్పిన రెండు జట్లలోనూ తిండి మెరుగైంది. మానసిక వికాసంలో మేలు మూడో జట్టులోనే కనిపించింది. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. వీధిలో బిడ్డనెత్తుకుని తిరిగిన నాయనమ్మ ఓపికకు శాస్త్రం ఇచ్చిన రుజువుగా దీన్ని చదవవచ్చు.

ఓపికగా పెట్టినా తినని పిల్లలూ ఉంటారు. అదే ఏడాది అమెరికా మానసిక వైద్యుల సంఘం, వాసనో మెత్తదనమో పడక ఆహారాన్ని దూరం పెట్టే స్థితిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇలాంటి ఇబ్బంది తరచూ కనిపిస్తుంది. అలాంటి బిడ్డను మొండివాడని కొట్టడం అన్యాయం. అలవాటైన అన్నం పక్కనే కొత్త పదార్థం కొద్దిగా ఉంచి, ముట్టుకోవడం, వాసన చూడటం దాకా వచ్చినా చాలనుకోవాలి. 2013 ఫిబ్రవరిలోనే మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. అంగన్‌వాడీ కార్యకర్త నెలనెలా వేసే తూకంలో బరువు పెరగని బిడ్డను, నమలడానికో మింగడానికో కష్టపడే బిడ్డను ఈ బృందాలకు చూపిస్తే, అవసరాన్నిబట్టి జిల్లా కేంద్రంలోని నిపుణుల దగ్గరకు పంపుతారు.