నెత్తురును కొలిచిన కథ



ఇటీవల మేము ధ్వనిముద్రణకై మంచిర్యాలలోని ఒక రక్తదాన శిబిరమునకు వెళ్లియుంటిమి. బీడీలు చుట్టుకొని బ్రదుకు స్త్రీ యొకతె రక్తమిచ్చుటకు వచ్చెను. తూనికపై నిలువబెట్టగా ముల్లు 42 కిలోల వద్ద ఆగెను. మన దేశమున 350 మిల్లీలీటర్ల రక్తమిచ్చువారు కనీసము 45 కిలోల బరువుండవలెనని నియమము కలదు. ఆమెను తిరిగి పంపవలసి వచ్చెను. "ఏం సిస్టరమ్మా, నా ఒంట్ల నెత్తురు లేదా?" అని ఆమె యడిగెను. "ఉన్నదక్కా, గని నీకు సరిపోయేటంతనే ఉన్నది" అని నర్సు బదులు చెప్పెను. ఒంటిలోని నెత్తురును చూడకయే, తూనికను చూచి ఈ మాట ఎట్లు చెప్పగలిగిరి? ఈ ప్రశ్నకు వెనుక పెద్ద చరిత్ర కలదు.

1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణమును గూర్చి తన గ్రంథమును ప్రకటించెను. గుండె ఒక్కొక్క మారు ముడుచుకొన్నపుడు వెడలు రక్తమెంత, అరగంటలో అది ఎన్ని మారులు ముడుచుకొనును అని ఆయన లెక్కించెను. ఆ మొత్తము దేహమంతటను ఉండదగిన రక్తముకంటె మిక్కుటమయ్యెను. కావున ఉన్న రక్తమే మరల మరల తిరుగుచున్నదని ఆయన తేల్చెను. అయితే ఉన్న రక్తమెంత? 1850ల దశకమున జర్మను పండితులు మరణశిక్ష పొందిన నేరస్థుల దేహములనుండి రక్తమును పట్టి, నాళములను నీటితో కడిగి, కడిగిన నీటి రంగును బట్టి మిగిలిన రక్తమును లెక్కగట్టిరి. దేహపు బరువులో సుమారు పదమూడవ వంతు రక్తమని వారు కనుగొనిరి.

బ్రదికియున్నవాని విషయమున ఈ పద్ధతి పనికిరాదు గదా! అందుకొక చక్కని ఉపాయము దొరకెను. మన యింటి గోలెములో నీరెంత కలదో తెలియదనుకొందము. తెలిసిన కొలతతో నీలిమందును అందులో కలిపి, బాగుగా కలియబెట్టి, ఒక గ్లాసెడు నీరు తీసి రంగు ఎంత పలుచనైనదో చూచినచో, గోలెములోని నీటి పరిమాణము లెక్కకు వచ్చును. 1915లో అమెరికాలో కీత్, రౌంట్రీ, గెరాటీ అను వైద్యులు ఒక ఎఱ్ఱని రంగును నరములోనికి ఎక్కించి ఈ విధముగానే కొలిచిరి. తరువాత 'ఎవాన్స్ నీలము' అను రంగు వాడుకలోనికి వచ్చెను. అది రక్తములోని ఆల్బుమిన్ అను మాంసకృత్తును అంటిపెట్టుకొని, నాళములను విడచి త్వరగా బయటికి పోదు.

ఇట్లు రంగు కలియునది రక్తములోని పసుపువన్నె ద్రవభాగమున. దానినే ప్లాస్మా యందురు. రక్తమును సన్నని గాజుగొట్టములో నింపి యంత్రముపై వడిగా త్రిప్పినచో ఎఱ్ఱకణములు అడుగునకు దిగును. ప్లాస్మా పైన తేలును. నూటికి ఎఱ్ఱకణములెన్ని పాళ్లో తెలుపు అంకెను హెమటోక్రిట్ అందురు.

అయితే ప్రతి రోగికిని రంగు ఎక్కించి కొలుచుట సాధ్యమా? ఎత్తును, బరువును చూచి అంచనా కట్టు మార్గము కావలసివచ్చెను. 1962లో అమెరికాలో నాడ్లర్, హిడాల్గో, బ్లాక్ అనువారు ఒక సూత్రమును ప్రకటించిరి. స్త్రీల విషయమున అది యిట్లుండును: ఎత్తును మీటర్లలో తీసికొని ఘనము చేసి 0.3561తో గుణింపవలెను; బరువును కిలోలలో తీసికొని 0.03308తో గుణింపవలెను, ఈ రెంటిని కూడి 0.1833 చేర్చినచో రక్తము లీటర్లలో వచ్చును. పురుషులకు అంకెలు వేరు.

మన బీడీల అక్క ఎత్తు 150 సెంటీమీటర్లనుకొందము. లెక్క ప్రకారము ఆమె ఒంటిలో రక్తము సుమారు 2.8 లీటర్లు. 350 మిల్లీలీటర్లు తీసినచో ఎనిమిదవ వంతు పోవును. 170 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువుగల పురుషునకు అదియే పన్నెండవ వంతు మాత్రమే. నర్సు మాటకు ఇదియే ఆధారము. ఆమె హెమటోక్రిట్ 36 అయినచో ప్లాస్మా నూటికి 64 పాళ్లు, అనగా 1.8 లీటర్లకు కొంచెము తక్కువ. 1995లో అంతర్జాతీయ రక్తశాస్త్ర ప్రామాణిక సంఘమువారు దేహపు ఉపరితల వైశాల్యమును బట్టి వేరొక సూత్రమును సూచించిరి. దాని ప్రకారము 1.86 లీటర్లు. రెండు లెక్కలును దగ్గరగనే యున్నవి.

కాని ఇచ్చట జాగ్రత్త వలయును. ఆ సంఘమువారే తమ అంకెకు ఇరువైపుల నూటికి 25 వంతులు విడిచిరి. అనగా 1.86 అని వచ్చిన చోట 1.4 మొదలు 2.3 లీటర్ల వరకు ఉండినను వింత లేదు. పైగా ఈ సూత్రములు ఆరోగ్యవంతులను కొలిచి కట్టినవి. టేపునకు తెలియని సంగతులు మన జిల్లాలలో అనేకము కలవు.

గర్భిణి దేహమున ప్లాస్మా నూటికి 40, 50 వంతులు హెచ్చును. ఎఱ్ఱకణములు అంతగా హెచ్చవు. రామగుండము బొగ్గుగనులలో ఎండకాలమున పనిచేయు కార్మికుని ప్లాస్మా, ఎండకు అలవాటుపడిన కొలది కొన్ని దినములలో పెరుగును. నీరు త్రాగక చెమటోడ్చిననాడు తరుగును. ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతముల గోండులలో సికిల్‌సెల్ వ్యాధి కలదు. ఆ రోగులకు ఎఱ్ఱకణములు తరిగి ప్లాస్మా హెచ్చును. వారి రక్తమును తీసి వేరు రక్తమును ఎక్కించు చికిత్సలో, ఎంత తీయవలెనో ఎంత ఎక్కింపవలెనో ఈ అంచనాపైననే ఆధారపడును. అంచనా తప్పినచో చిన్న బిడ్డకు ప్రమాదము.

వానకాలమున వచ్చు డెంగీలో ప్లాస్మా నాళములనుండి ఊరి బయటికి పోవును. రోగి ఎత్తు మారదు, బరువు చెప్పుకోదగినంత తగ్గదు. టేపును, తూనికయు నిన్నటి మాటనే నేడును చెప్పును. హెమటోక్రిట్ మాత్రము పెరుగును. 36 ఉండినది 43 అయినచో, అనగా అయిదవ వంతు పెరిగినచో, ప్లాస్మా కారిపోవుచున్నదని వైద్యులు గ్రహింతురు. అందుకే డెంగీ రోగికి మాటిమాటికి రక్తపరీక్ష చేయుదురు. పొద్దున సూది గ్రుచ్చి సాయంత్రము మరల గ్రుచ్చినారని ఇంటివారు విసుగుకొనరాదు. రెండవ సూదియే ప్రాణము నిలుపవచ్చును.

మూడు శతాబ్దముల కృషి మనకొక సులభమైన లెక్క నిచ్చినది. అది వైద్యునకు మొదటి మెట్టు. రోగి మంచము ప్రక్కన నిలిచి చూచుటకు అది బదులు కాజాలదు. కావున తూనిక ఎక్కునపుడు చెప్పులు విడువుడు, ఎత్తు కొలుచునపుడు నిటారుగా నిలువుడు, గర్భమైనను జబ్బైనను దాచక చెప్పుడు. మంచిర్యాల అక్క ఆనాడు రక్తమీయలేదు గాని, మరునాడు తన తమ్ముని వెంటబెట్టుకొని వచ్చెను. అతని బరువు 58 కిలోలు.