రోమియో జూలియెట్ల మరణము: దోషవిచార చరిత్ర

ఇటలీదేశమందలి వెరోనా నగరమున చిరకాలవైరముగల మాంటేగ్యూ, కాప్యులెట్ వంశములయందు జనించిన రోమియో జూలియెట్లు, చూపులు కలిసిన నాటినుండి ఐదు దినములు నిండకమునుపే ఒకే సమాధిగృహమున ప్రాణములు విడిచిన వృత్తాంతమును షేక్స్పియర్ మహాకవి 1595 ప్రాంతమున నాటకముగా రచించెను. ఆ మృత్యువులకు బాధ్యులెవ్వరను ప్రశ్నకు నాటకముకంటె వయస్సెక్కువ.

1476లో అచ్చయిన మసూచ్చో సాలెర్నితానో కథలో ఈ ప్రణయము సియెనా నగరమునకు చెందినది. అందు వంశవైరమన్నమాటయే లేదు. కలహములో ఒక పౌరుని చంపి దేశాంతరమేగిన ప్రియుడు తిరిగివచ్చి పట్టుబడి శిరశ్ఛేదమునకు గురికాగా, ప్రియురాలు శోకమున కృశించి మరణించును. 1530 ప్రాంతమున లుయిజీ దా పోర్తో కథను వెరోనాకు తరలించి దానికి రెండు వంశముల పగను జోడించినప్పటినుండియే నేరము పెద్దలపైకి మరలినది. ఆ కథను బాండెల్లో ఇటాలియన్ భాషలోను (1554), బోయెస్త్వో ఫ్రెంచిలోను (1559) తిరిగి చెప్పిన పిమ్మట, ఆర్థర్ బ్రూక్ అను ఆంగ్లకవి 1562లో దీర్ఘకావ్యముగా వెలువరించెను. బ్రూక్ పీఠిక కఠోరమైనది: తలిదండ్రుల యాజ్ఞను, ఆప్తుల హితవును త్రోసిపుచ్చి, వదరుబోతు దాదులను, మూఢవిశ్వాసులైన సన్న్యాసులను ఆశ్రయించిన కామాతురులకు ఇట్టి దుర్గతి తగినదేయని యాతని తీర్పు. విచిత్రమేమనగా, పీఠిక దాటి కావ్యములో అడుగిడినంతనే ఆ ధర్మాధికారి కానరాడు. ప్రేమికులపైనను, వారికి రహస్యముగ పెండ్లి చేసిన ముసలి సన్న్యాసిపైనను కవికి జాలియే మిక్కుటము. కావ్యాంతమున మాత్రము శిక్షలు స్పష్టముగ విధింపబడినవి: విషమమ్మిన మందుల వర్తకునికి ఉరి, దాదికి దేశబహిష్కారము, రోమియో సేవకునికి విముక్తి, సన్న్యాసికి క్షమ.

షేక్స్పియర్ ఈ కావ్యమునే ఆధారముగ గైకొనియు ఆ శిక్షల పట్టికను కొట్టివేసెను. కొందరికి క్షమయు కొందరికి దండనయు లభింపగలవని మాత్రము నాటకాంతమున వెరోనా ప్రభువు పలుకును; ఎవరికేదియో చెప్పడు. పైగా, ఆ రెండు వంశముల కలహమును చూచియు చూడనట్లుండినందుననే తానును ఇద్దరు బంధువులను కోల్పోయితినని యొప్పుకొనును. విచారణకు కూర్చున్న న్యాయాధిపతియే నేరస్థుల వరుసలో నిలుచుట, ఈ వ్యాసకర్త దృష్టిలో, కావ్యమునకును నాటకమునకును గల భేదములన్నిటిలో మిన్నయైనది.

విధియే కారణమను వాదమునకు ముఖ్యాధారము, ప్రేమికుల దురదృష్టమును నక్షత్రములకు అంటగట్టు నాటకప్రస్తావన. 1623నాటి షేక్స్పియర్ నాటకసంపుటములో ఆ ప్రస్తావన లేనే లేదు. లారెన్స్ అను సన్న్యాసి రోమియోకు వ్రాసిన జాబు తీసికొని బయలుదేరిన జాన్ అను సన్న్యాసి, మహమ్మారి శంకతో నగరరక్షకులు తలుపులు మూసిన యింట చిక్కి, రోమియో ప్రవాసమున్న మాంటువాకు పోలేకపోవుట దైవికమే యనుకొందము. ఐనను ఆ యొక్క ఆటంకము ప్రాణాంతకమగుటకు వేరొక కారణము కలదు. కూతురికి పారిస్ అను శ్రీమంతునితో గురువారమున వివాహమని కాప్యులెట్ నిశ్చయింపగా, మృతురాలివలె కనబడుటకై బుధవారము రాత్రి జూలియెట్ నిద్రౌషధము త్రాగవలెనని ఆ లారెన్సే యేర్పాటు చేసెను. మంగళవారమున ఆమె యింటికి వచ్చి, కపటముగ మోకరిల్లి తండ్రిని క్షమాపణ వేడినంతనే, ఆ వృద్ధుడు ఉబ్బితబ్బిబ్బై, గురువారము చాలునని భార్య యెంత చెప్పినను వినక, వివాహమును మరునాటికే ముందుకు జరిపెను. ఔషధము ఒకరాత్రి ముందుగనే త్రాగవలసివచ్చినది. దాని ప్రభావము 42 గంటలు. జాబు చేరలేదని లారెన్సుకు తెలియునప్పటికి ఆమె మేల్కొనుటకు మూడుగంటలే వ్యవధి. మొదట పారిస్‌తో పిల్లది చిన్నది, రెండేండ్లాగుము, దాని మనస్సు గెలుచుకొనుమని చెప్పిన తండ్రియు ఇతడే.

రోమియో జూలియెట్లకు లారెన్స్ జరిపించిన రహస్యవివాహమున పగ చల్లార్చవలెనను సదుద్దేశము లేకపోలేదు. కాని సమాధిగృహమున కావలివారి అలికిడి విని, అప్పుడే మేల్కొన్న బాలికను శవముల నడుమ విడిచి యాతడు పారిపోవుటను ఏ సదుద్దేశమును కప్పిపుచ్చజాలదు.

పిదప రంగస్థలమువారును విమర్శకులును ఎవరి తీర్పు వారు చెప్పిరి. 1679లో ఆట్వే అను నాటకకర్త కథను ప్రాచీన రోముకు మార్చి నేరమును అంతర్యుద్ధముపై మోపెను. నటుడు గారిక్ 1748లో ప్రదర్శించి, తరువాత సవరించిన ప్రతిలో, రోమియో అంతకుమునుపు రోజలైన్‌ను వలచిన సంగతిని తొలగించి నాయకుని నిష్కళంకుని గావించెను. 19వ శతాబ్ది మధ్యమున జర్మన్ పండితుడు గెర్వీనుస్, మితిమీరిన ఆవేశమునకు దుష్ఫలము తప్పదను లారెన్స్ బోధనే నాటకహృదయముగ గ్రహించెను. శత్రువు కొడుకు విందునకు వచ్చినను కాప్యులెట్ సహించెను గదా, పగ అప్పటికే చల్లారినట్లున్నదని విమర్శకుడు చార్ల్‌టన్ ఆక్షేపించెను. ప్రేమికుల ఉద్రేకమును ఎలిజబెత్ కాలపు నీతిదృష్టితో 1957లో డికీ అను విమర్శకుడు విచారించెను. కత్తి దూయనివాడు మగవాడు కాడని కుమారులకు నేర్పిన పితృస్వామ్యమే హంతకియని విమర్శకురాలు కొపేలియా కాన్ 1978లో వాదించెను. మిత్రుడు మెర్క్యూషియో హతుడైన ఘట్టమున, తన ప్రేమయే తనను పిరికివానిని చేసెనని రోమియో వగచుటను చూచినచో ఈ చివరి వాదమునకు బలము కలదనవలెను.

నాయకుని నిష్కళంకుని గావించు పని చలనచిత్రములలోను సాగినది. మూలమున రోమియో స్వహస్తముతో సమాధిద్వారమున పారిస్‌ను వధించును. ప్రభువు పేర్కొన్న ఇరువురు బంధువులలో ఒకడాతడే. జెఫిరెల్లి 1968లో తీసిన చలనచిత్రమున ఆ వధ కనబడదు. 1996 నాటి లూర్మన్ చిత్రమునను అంతే.