చూరు కింద వరికంకులు: మన పెరటి పిట్టల చరిత్ర

శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ పోతుందని పెద్దలంటారు. మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు అది అక్షరాలా నిజం. మోదుగు పూసి, హోళీ వెళ్లి, ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకునేసరికే ఎండ నెత్తి మీద కూర్చుంటుంది. మనకున్న వసంతమంతా ఆ నెలా నెలన్నరే. కానీ ఆ కొద్ది రోజుల్లోనే పెరట్లో ఎన్ని సంసారాలు మొదలవుతాయో చూడండి. పిచ్చుక గడ్డిపోచ కరుచుకుని కరెంటు మీటరు డబ్బా వెనక దూరుతుంది. తేనెపిట్ట బట్టలారేసే తీగకు సంచి లాంటి గూడు వేలాడదీస్తుంది. గోరింకలు గోడలో ఒక్క కంత కోసం ఊరంతా వినపడేట్టు కొట్లాడుకుంటాయి. ఉడుత మన పాత చాప పీచు కూడా వదలదు.

ఈ జీవాలు మన ఇండ్ల పక్కన ఇన్ని తరాలు ఎట్లా బతికాయి? పుస్తకాలు తెరిస్తే చట్టాలు, సర్వేలు, అభయారణ్యాల తేదీలు కనిపిస్తాయి. అవన్నీ అవసరమే. కానీ పెరటి పిట్టల చరిత్రలో సగం పుస్తకాల్లోకి ఎక్కనే లేదు. అది ఆడవాళ్ల చాటలో, వాకిట్లో, నీళ్ల గోలెంలో, చూరు కింద జరిగింది. పిట్టల కోసం అని ఎవరూ ప్రత్యేకంగా చేయలేదు, ఇంటిపనిలో భాగంగా జరిగిపోయింది. అందుకే ఆ పని ఆగిపోయినప్పుడు కూడా ఎవరికీ తెలియలేదు.

గూనపెంకల ఇల్లు

నా వయసు వాళ్లకు గూనపెంకల ఇల్లు గుర్తుండే ఉంటుంది. దూలాలు, వాసాలు, వాటి మీద పెంకలు. పెంకకూ వాసానికీ మధ్య పిడికెడు సందు. పిచ్చుకకు కావలసింది సరిగ్గా ఆ సందే. అది చెట్టు కొమ్మ మీద కంటే కంతలో, సందులో గూడు పెట్టడానికే ఇష్టపడే పిట్ట. మనిషి ఇల్లు కట్టుకుంటే అందులో దానికీ ఒక గది వచ్చేది.

వంట సంగతి చూస్తే, బియ్యం చెరగడం, ఏరడం రోజూ ఉండే పని. చాటలో మిగిలిన నూకలు, మెరిగెలు, పురుగులు వాకిట్లో పారబోస్తే పిచ్చుకలు, గోరింకలు గుంపుగా దిగేవి. పండగనాటి బియ్యప్పిండి ముగ్గు చీమలకు విందు. అంట్లు తోమిన నీళ్లు అరటి మొదట్లోకి పోయేవి. ఆ తడిలో వానపాములు, కప్పలు. ఆ పురుగుల కోసం పిట్టలు. బర్రెల కోసం నింపిన గోలెం అంచు మీద కాకి నుంచి తేనెటీగ దాకా అన్నీ దూప తీర్చుకునేవి.

ఇక కోతలయ్యాక వరికంకులను జడలాగా అల్లి చూరుకు వేలాడగట్టడం ఉంది. మా నాయనమ్మ ఆ కుచ్చును ప్రతి ఏడూ కట్టించేది. "కొత్త పంట ఇంట్లకు రాంగనే పిట్టల వాటా పిట్టలకు పెట్టాలె బిడ్డా, అవి మన మీద ఆశతోనే వస్తయి" అనేది. వాటా అన్నదే గానీ దానం అనలేదు. ఆ మాటలోని తేడా నాకు డిగ్రీలో తెలుగు చదువుకునేటప్పుడు అర్థమైంది. దానం మన ఇష్టం, వాటా అవతలి వాళ్ల హక్కు.

ఇంట్లోనే మొదలైన ఉద్యమం

పిట్టల కాపలాకు, ఇల్లాళ్లకు సంబంధం మన దగ్గరే కాదు, సముద్రం అవతల కూడా ఉంది. 19వ శతాబ్దం చివర యూరప్‌లో ఆడవాళ్ల టోపీలకు పక్షి ఈకలు పెట్టుకోవడం పెద్ద ఫ్యాషన్. అందులో తెల్లకొంగ ఈకలకు గిరాకీ ఎక్కువ. కొంగ గూడు పెట్టుకునే కాలంలోనే దాని వీపు మీద ఆ సన్నని అందమైన ఈకలు వస్తాయి. అంటే ఈకల కోసం కొంగను చంపితే గూట్లో పిల్లలు ఆకలికి చచ్చేవి.

1889లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్సన్ అనే ఇల్లాలు తన ఇంట్లోనే ఒక సంఘం పెట్టింది. మొదట్లో సభ్యులంతా ఆడవాళ్లే. ఈకల టోపీ పెట్టుకోమని మాట ఇవ్వడమే సభ్యత్వం. 1904లో ఆ సంఘానికి రాజముద్ర దొరికింది. 1921లో ఆ దేశంలోకి ఈకల దిగుమతిని ఆపే చట్టం వచ్చింది. అంతకు చాలా ముందే, 1902లో, మన దేశం నుంచి పక్షి ఈకల ఎగుమతిని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. మన చెరువుల మీది కొంగలు బతకడంలో ఎక్కడో దూరాన ఉన్న ఆ ఆడవాళ్ల పట్టుదలకు కూడా కొంత పాలుందన్నమాట.

మన ప్రాంతపు పక్షుల లెక్క శాస్త్రీయంగా రాయడం నిజాం కాలంలో జరిగింది. 1931-32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యపు పక్షుల సర్వే చేశాడు. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు ఆ రాజ్యంలోవే. ఆ సర్వే అనగానే ఆయన పేరే చెప్పుకుంటాం గానీ, ఆయన భార్య తెహ్మీనాను కూడా తలచుకోవాలి. ఇంగ్లండ్‌లో చదువుకున్న ఆమె ఆయనతో పాటు డేరాల్లో, అడవుల్లో కష్టనష్టాలన్నీ పంచుకుంది. 1939లో ఆమె చనిపోయింది. సలీం అలీకి పేరు తెచ్చిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' 1941లో గానీ రాలేదు.

హైదరాబాద్ సర్వేకు కొంచెం ముందు సలీం అలీ ఉద్యోగం పోయి, ముంబయికి దగ్గర సముద్రం ఒడ్డున కిహిమ్ అనే ఊళ్లో ఉన్నాడు. తీరిక దొరికింది గనుక ఇంటి దగ్గరి గిజిగాళ్లను రోజూ గమనించాడు. ఆయన కనిపెట్టింది వింటే మనకు నవ్వొస్తుంది. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతాడు. ఆడపిట్టలు వచ్చి లోపలికి దూరి చూస్తాయి. నచ్చితేనే కాపురం. నచ్చాకే అతను మిగతా సగం, ఆ పొడుగాటి గొట్టంతో సహా, పూర్తి చేస్తాడు. నచ్చకపోతే ఆ గూడు అక్కడే ఊగుతూ ఉండిపోతుంది. గిజిగాడి మీద జాషువా గారు రాసిన పద్యాలు బడిలో చదువుకున్నప్పుడు దాని పనితనమే మెచ్చుకున్నాం. ఇల్లు ఎట్లా ఉండాలో చివరి మాట ఆడపిట్టదేనని తరువాత తెలిసింది!

ఇంకొక పేరు కూడా చెప్పాలి. జమాల్ ఆరా. రాంచీ వైపు అడవుల్లో పిట్టలను చూస్తూ, నోట్సు రాసుకుంటూ జీవితం గడిపిన మనిషి. కాలేజీ చదువు లేదు. ఆమె రాసిన 'వాచింగ్ బర్డ్స్' అనే చిన్న పుస్తకాన్ని 1970లో నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల కోసం వేసింది. కిటికీలోంచి చూసి పేర్లు తెలుసుకోవడం కూడా చదువేనని ఆమె జీవితం చెబుతుంది.

మనకు తెలియకుండా ఏం మారింది?

మళ్లీ మన ఊరికి వద్దాం. పెంకలు పోయి స్లాబులు వచ్చాయి. స్లాబు ఇంట్లో సందు ఉంటే అది మేస్త్రీ తప్పు. పిచ్చుకకు గది పోయింది. మిల్లు బియ్యం సంచుల్లో వస్తోంది, ఏరే పని తగ్గింది. మంచిదే, మన నడుములు బాగుపడ్డాయి. కానీ వాకిట్లో మెరిగెలు కూడా పోయాయి. వాకిలికి సిమెంటు వేశాక పిట్టలు పొర్లడానికి దుమ్ము లేదు. ఈకల్లోని పేలు వదిలించుకోవడానికి పిచ్చుకకు మట్టిస్నానం కావాలి.

చేన్లు కూడా మారాయి. ఒకప్పుడు మన రెండు జిల్లాల్లో జొన్నే ఆధారం. జొన్నరొట్టె, గటక తిని పెరిగిన తరం ఇంకా ఉంది. మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను కొట్టడం పిల్లల పనిగా ఉండేది. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు పునాది రాయి పడ్డాక కరీంనగర్ దిక్కు కాలువలు, వరి పెరిగాయి. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి పరుచుకుంది. పత్తిలో పిట్ట తినే గింజ లేదు. పురుగు ఉంటుంది గానీ దాని మీద మందు ఉంటుంది. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే పెడుతుంది. పురుగు లేకపోతే పిల్ల లేదు.

పిచ్చుక గింజలు తినిపోతుందనే కోపంతో 1958లో చైనాలో దేశమంతా కలిసి పిచ్చుకలను చంపారు. డప్పులు, పళ్లాలు మోగిస్తూ వాటిని ఎక్కడా వాలనీయకుండా తరిమారు. పిచ్చుకలు పోయాక పురుగు పెరిగి పంటను తిన్నది. 1960కల్లా శత్రువుల జాబితాలోంచి పిచ్చుక పేరు తీసేసి నల్లి పేరు చేర్చారు. అప్పటికే ఆ దేశంలో పెద్ద కరువు నడుస్తోంది. ఆ కరువుకు కారణాలు చాలానే ఉన్నా, పిచ్చుకల చావు కూడా వాటిలో ఒకటని చరిత్రకారులు రాస్తారు.

మన కొట్టంలోంచి వచ్చిన కష్టం ఇంకొకటి ఉంది. పశువుకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని 2004లో తేలింది. అప్పటికే దేశంలో కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. ఆ తరువాత 2013లో మన బెజ్జూర్ అడవిలో, ప్రాణహిత దగ్గరి పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపించినప్పుడు అది పెద్ద వార్త అయింది. పశువు బాగుండాలనే వేసిన సూదే అది. ఇంటి పశువుకు పెట్టిన మందు ఆకాశం దాకా పోతుందని ఎవరు అనుకున్నారు?

పిచ్చుక విషయంలో కొంత ధైర్యం ఉంది. 2020లో వచ్చిన దేశపు పక్షుల నివేదిక ప్రకారం, మహానగరాల్లో తగ్గినా దేశం మొత్తం మీద పిచ్చుకలు సుమారుగా నిలకడగానే ఉన్నాయి. మనలాంటి చిన్న పట్నాలు, పల్లెలు పిలిస్తే అవి వస్తాయి. నాకు దిగులంతా పాలపిట్ట గురించే. 2014లో దాన్ని మన తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. దసరా నాడు చూస్తే శుభమని చేను గట్ల దాకా నడిచిపోతాం. 2023 నివేదికలో తగ్గిపోతున్న పిట్టల్లో దాని పేరు ఉంది. ఆ పండగ కోసమే దాన్ని పట్టి, బోనులో పెట్టి, పైసలు తీసుకుని చూపించేవాళ్లు కూడా ఉన్నారు. అది చట్టప్రకారం నేరం. బోనులో ఉన్న దాన్ని చూస్తే మనకు శుభం ఎట్లా కలుగుతుంది?

ఈ వసంతంలో మన వంతు

ఇవేవీ ఖర్చు పనులు కావు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూడా కుదిరేవే.

నీళ్లు: రెండు మూడు వేళ్ల లోతు మట్టి మూకుడు చాలు. మధ్యలో చిన్న రాయి పెడితే తేనెటీగలు, సీతాకోకచిలుకలు మునగవు. నీడలో, పిల్లి దాక్కునే మూలకు దూరంగా పెట్టండి. రోజూ కడిగి నీళ్లు మార్చండి, దోమలు పెరగవు.

గింజలు: నూకలు, జొన్నలు, సజ్జలు, కొర్రలు గుప్పెడు చాలు. ఉప్పు కారం ఉన్న మిక్చరు, చిప్స్ వద్దు.

గూడు: అట్టపెట్టె అయినా, చెక్కపెట్టె అయినా ఇంచుంపావు కంత చేసి, ఎనిమిది పదడుగుల ఎత్తున, మధ్యాహ్నపు ఎండ తగలని గోడకు కట్టండి. పిచ్చుక దూరితే ఇక దాన్ని కదపవద్దు.

చెట్లు: మందారం, దానిమ్మ ఉంటే తేనెపిట్ట తనంతట తనే వస్తుంది. కరివేపాకు చెట్టు మీద ఆకుపచ్చ గొంగళి కనిపిస్తే నాలుగు రెమ్మలు దానికి వదిలేయండి. నల్లని రెక్కల మీద తెల్లని చుక్కలున్న పెద్ద సీతాకోకచిలుక అయ్యేది అదే. పొలం ఉన్నవాళ్లు గట్టు మీది తాటి మోడును కొట్టించవద్దు. పాలపిట్ట గుడ్లు పెట్టేది అలాంటి తొర్రలోనే, అదీ ఈ వసంతం నుంచి వానలు పడే లోపే.

మన పెద్దవాళ్లు ఇవన్నీ తెలియకుండానే చేశారు. మన ఇండ్లు మారాయి గనుక మనం తెలిసి చేయాలి, అంతే తేడా. ఉగాది పచ్చడి కోసం ఎట్లాగూ కుమ్మరి దగ్గర కొత్త కుండ కొంటాం. ఈసారి దానితో పాటు ఒక మట్టి మూకుడు కూడా అడిగి తెచ్చుకోండి. కొత్త ఏడాదిలో పిట్టల వాటా అక్కడి నుంచే మొదలుపెడదాం.