ఢావలో: ఏడుస్తూనే తల ఎత్తి పాడిన పాట

నిజాంసాగర్ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. మంజీర మీద కట్టారు, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. ఇదంతా మన పిల్లలు పరీక్షల కోసం చదువుతారు. ఆ చుట్టుపక్కల ఉన్న మన తండాల చరిత్ర ఏ పుస్తకంలో ఉందని అడిగితే మాత్రం మేము తడుముకుంటాం. గోర్ బోలికి సొంత లిపి లేదు. మన చరిత్ర చాలావరకు ఆడవాళ్ల గొంతులోనే నిలిచింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో ఎంతమంది ఢావలో విన్నారు? పెళ్లయి వెళ్లేటప్పుడు ఆడపిల్ల యాడిని, బాపును, అన్నదమ్ములను ఒక్కొక్కరినే పట్టుకొని ఏడుస్తూ పాడేది. అది ఊరికే వచ్చే ఏడుపు కాదు. పెద్దవాళ్ల దగ్గర కూర్చొని ముందుగా నేర్చుకోవాలి. తనను ఎంత ముద్దుగా పెంచారో చెబుతుంది, ఇప్పుడెందుకు పంపించేస్తున్నారని నిలదీస్తుంది. మామూలు రోజుల్లో తండ్రి ముందు అనలేని మాటను ఆ రోజు తండా అంతా వింటుండగా అంటుంది. ఎవరూ తప్పు పట్టరు.

ఆ తర్వాత అలంకరించిన ఎద్దు మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి హవేలి పాడుతుంది. తన పుట్టింటికి దీవెన అది. ఆ ఇల్లు చల్లగా ఉండాలని కోరుతుంది. హవేలి అంటే పెద్ద భవనం. పాడే పిల్ల పుట్టిల్లు మాత్రం గడ్డి గుడిసె!

ఆ గుడిసెను లోకం ఏమని పిలిచిందో కూడా తెలుసుకోవాలి. మన పెద్దలు లదేణి చేసేవారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగేవారు, సైన్యాలకూ తిండి గింజలు చేరవేసేవారు. రైళ్లు వచ్చాక ఆ బతుకుదెరువు పోయింది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. బంజారా గుంపులు చాలా చోట్ల ఆ జాబితాకెక్కాయి. పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర! 1952లో ఆ చట్టం రద్దయింది కానీ చూపులు అంత తొందరగా మారలేదు. తెలంగాణలో మనకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. ఇన్నేళ్లూ కాగితాల్లో ఏం రాసి ఉన్నా, మన ఆడపిల్ల తన ఇంటిని హవేలి అనే పాడింది.

తీజ్ లోనూ ఇదే కనిపిస్తుంది. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాడుతూ కాపాడతారు. ఆ మొలకలను ఎవరినీ ముట్టనివ్వరు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఢావలో పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లల ఈడువాళ్లే. ఆ పెళ్లిళ్లు మళ్లీ రావద్దు. చదువు మధ్యలో ఒక్క పిల్ల ఆగిపోయినా మాకు నిద్ర పట్టదు. పాట మాత్రం పోవద్దు. ఇప్పుడు పెళ్లిళ్లలో డీజే చప్పుడుకు ముసలమ్మల గొంతు వినబడడం లేదు.

హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు గోర్ బోలి నలుగురికీ వినబడకూడదని గోడవైపు తిరిగి మాట్లాడతారు. ఒకసారి దసరా సెలవులకు వెళ్లే పిల్లలకు మేము ఒక పని చెప్పాం: మీ దాది దగ్గర ఒక ఢావలో నేర్చుకొని రండి అని. ఎక్కువమంది మరిచిపోయారు. ఒక పిల్ల మాత్రం ఫోన్లో రికార్డు చేసుకొచ్చింది. మధ్యలో మేక అరుపులు, దగ్గు. రాత్రి భోజనాలయ్యాక వినిపించింది. సగంలో నలుగురైదుగురు పిల్లలు గొంతు కలిపారు. వాళ్లకు ముందే వచ్చు.