ఇంటి హాల్లోకి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు: కొనేముందు ఏం చూడాలి?

ఖురాన్ తిలావత్, నాత్‌లు, ఖవ్వాలీలు, పాత ఘంటసాల పాటలు అన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. కానీ ఫోన్ స్పీకర్‌లో గొంతు పలచగా వినిపిస్తుంది, డోలక్ దెబ్బ అసలు వినిపించదు. అందుకే హాల్లో టీవీ పక్కన అందంగా ఒదిగిపోయే చిన్న స్పీకర్ల జత తీసుకుందామనుకుంటారు. వీటినే బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అంటారు. ధరలు కొన్ని వేల నుంచి లక్షల దాకా ఉంటాయి. గల్ఫ్‌లో కష్టపడి పంపిన డబ్బుతోనో, చీటీ పాడిన డబ్బుతోనో కొనే వస్తువు కాబట్టి రంగు, డిజైన్ ఒక్కటే చూస్తే సరిపోదు.

సంగీతం విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరింట్లో ఏం వినాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. తిలావత్ మాత్రమే వినే ఇంటికైనా ఈ వివరాలు పనికొస్తాయి. మనిషి గొంతు స్పష్టంగా పలకడమే మంచి స్పీకర్‌కి మొదటి పరీక్ష.

పెట్టెలో ఏముంటుంది?

మామూలుగా ఒక్కో పెట్టెలో రెండు ఉంటాయి. 4 నుంచి 6.5 అంగుళాల వూఫర్ గొంతును, తబలాను పలికిస్తుంది. పైన ఉండే చిన్న ట్వీటర్ సన్నని శబ్దాలను పలికిస్తుంది. ఏ శబ్దం ఎటు వెళ్లాలో లోపలి క్రాసోవర్ పంచుతుంది. పెట్టె ఎండీఎఫ్ చెక్కతో చేసిందైతే మంచిది. పలచని ప్లాస్టిక్ పెట్టె వాల్యూమ్ పెంచగానే తానే అదిరి శబ్దాన్ని పాడుచేస్తుంది. వేళ్లతో తట్టి చూడండి, డొల్లగా మోగకూడదు.

యాక్టివా, పాసివా?

యాక్టివ్ స్పీకర్లలో యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది. కరెంటు పెట్టి, ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపితే చాలు. టీవీకి కూడా కావాలంటే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గానీ ఆప్టికల్ గానీ ఉందో లేదో చూసుకోండి. పాసివ్ స్పీకర్లకు విడిగా యాంప్లిఫయర్, వైర్లు కొనాలి. ఖర్చు ఎక్కువే, కానీ ఒకటి పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. యాంప్లిఫయర్ మీద కనీసం 8 ఓమ్స్ అని రాసి ఉంటే దానికి 4 ఓమ్స్ స్పీకర్లు కలపకండి, వేడెక్కి పాడైపోతుంది. వైరు కూడా అసలు రాగిదే అడగండి. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు చవకగా దొరుకుతుంది కానీ తేమకు త్వరగా పాడవుతుంది.

వాట్స్ లెక్క

పెట్టె మీద పెద్దగా కనిపించే పీఎంపీఓ వాట్స్‌ని పట్టించుకోకండి, ఆ లెక్కకి ఒక ప్రమాణం అంటూ లేదు. ఆర్‌ఎంఎస్ ఎంతో అడగండి. 10 అడుగులు బై 12 అడుగుల గదికి ఒక్కో స్పీకర్‌కి 30 నుంచి 50 వాట్స్ ఆర్‌ఎంఎస్ ధారాళంగా సరిపోతుంది. పాసివ్ అయితే సెన్సిటివిటీ కూడా చూడాలి. 85 డెసిబెల్స్ స్పీకర్ 88 డెసిబెల్స్ స్పీకరంత గట్టిగా మోగాలంటే రెట్టింపు పవర్ కావాలి.

మన తేమకు తట్టుకోవాలి

కోనసీమలోగానీ, నరసాపురం, కాకినాడ తీరంలోగానీ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. వూఫర్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌దైతే వేడికి, తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఉన్నదే తీసుకోండి. ఎండీఎఫ్‌కి నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది, కాబట్టి తడిగుడ్డ పెట్టే నేల మీద కాకుండా స్టాండ్ మీద పెట్టండి. వరద భయం ఉన్న లంక గ్రామాల్లో అయితే ఇది మరీ ముఖ్యం. ముందు జాలీ ఎప్పుడూ ఉంచండి. దుమ్ము, ఊదు పొగ పట్టకుండా ఉంటుంది, పిల్లలు ట్వీటర్‌ని వేలితో నొక్కేయకుండానూ కాపాడుతుంది.

గల్ఫ్ నుంచి తెచ్చేవాళ్లకు

యాక్టివ్ స్పీకర్ల వెనుక లేబుల్ మీద 100-240 వోల్ట్స్ అని ఉంటే ఇబ్బంది లేదు. సౌదీలో కొన్ని ఇళ్లలో 127 వోల్ట్స్ లైన్లున్నాయి. ఆ వోల్టేజీకి మాత్రమే చేసిన సెట్‌ని ఇక్కడ 230 వోల్ట్స్‌కి పెడితే కాలిపోతుంది. అక్కడి చదరపు పిన్నుల ప్లగ్గుకి మంచి అడాప్టర్ కావాలి. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో బిల్లు కట్టకముందే రాతపూర్వకంగా అడగమని చెప్పండి.

ఎక్కడ పెట్టాలి?

రెండు స్పీకర్లూ, మీరు కూర్చునే చోటూ కలిపి మూడు వైపులూ సమానమైన త్రిభుజంలా ఉంటే మంచిది. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. వెనుక రంధ్రం ఉన్న స్పీకర్‌ని గోడకు, షోకేసు అరకు ఆనించి పెడితే శబ్దం బొంగురుపోతుంది, కనీసం ఒక అడుగు ఖాళీ వదలండి. షోకేసులోనే పెట్టాలంటే రంధ్రం ముందువైపు ఉన్నవి గానీ, రంధ్రమే లేనివి గానీ ఎంచుకోండి.

టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో శబ్దం ప్రతిధ్వనిస్తుంది. మందపాటి పరదాలు, ఒక తివాచీ వేస్తే బాగా తగ్గుతుంది. దూరం వెళ్లక్కర్లేదు, ఏలూరు ఉన్ని తివాచీలు మన దగ్గరివే. ముస్లింల పాలన కాలంలో పర్షియా నుంచి వచ్చినవాళ్లు ఈ నేతను అక్కడికి తెచ్చారని చెబుతారు. ఇంటికి అందం, చెవికి హాయి రెండూ దక్కుతాయి.

షాపులో విని చూడండి

బాగా తెలిసిన రికార్డింగులు తీసుకెళ్లండి. తిలావత్‌లో ప్రతి అక్షరం, మధ్యలో ఊపిరి తీసుకోవడం తెలియాలి. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ వినిపించండి, తీగ మీటాక నాదం మెల్లగా తగ్గడం వినిపించాలి. ప్రకాశం జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా నాదస్వరం పెడితే ట్వీటర్ సంగతి తేలిపోతుంది, చెవిలో గుచ్చుకోకూడదు. రెండు జతలను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టించండి. గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపించడం సహజం.

బిల్లు, వడ్డీ

నో-కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని కాదు. చాలావరకు బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. సున్నా వడ్డీ అనే భావనే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు నగదు ధర ఎంతో విడిగా అడిగి, డబ్బు కూడబెట్టుకుని కొనడమే మేలు.

బ్లూటూత్ స్పీకర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీదున్న నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. మోడల్, సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. షాపువాళ్లు వారంటీ ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

చివరగా పొరుగువాళ్ల సంగతి. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలుండొచ్చు, మంచాన పడ్డ పెద్దలుండొచ్చు. మంచి స్పీకర్ తక్కువ వాల్యూమ్‌లోనూ స్పష్టంగానే వినిపిస్తుంది. అందుకే షాపులో ఒకసారి చిన్న వాల్యూమ్‌లోనూ విని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.