నుడికారాల్లో దాగిన ఇంగ్లండు

1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవులో ఫిరంగులు మోగాయి. వర్తక ఓడలకు కాపలాగా వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీద అడ్మిరల్ లినోవా నడిపిన మూడు ఫ్రెంచి నౌకలు విరుచుకుపడ్డాయి. భోగాపురం పక్క ముక్కాం, చేపలకంచేరు జాలర్లు వేటాడే సముద్రంలోకే వచ్చిన ఆ ఇంగ్లండు-ఫ్రాన్సుల వైరం, అంతకు మూడేళ్ళ ముందే ఇంగ్లండులో ఒక నుడికారానికి కథను అందించింది. బళ్ళో బట్టీపట్టే "టర్న్ ఎ బ్లైండ్ ఐ", అంటే చూసీచూడనట్టు ఊరుకోవడం.

1801 ఏప్రిల్ 2, కోపెన్‌హాగన్. ఆ వైరంలో భాగంగానే డెన్మార్కు నౌకాదళంతో బ్రిటిష్ పోరు ముదిరింది. బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్‌కు పై అధికారి అయిన హైడ్ పార్కర్ దూరం నుంచి పోరు ఆపమని జెండాలెత్తించాడు. నెల్సన్‌కు 1794లో కాల్వి ముట్టడిలో కుడికంటి చూపు పోయింది. దుర్భిణిని ఆ కంటికే ఆనించి, తనకు సంకేతమేదీ కనబడలేదన్నాడట. కథకు తర్వాతివాళ్ళు మెరుగులు దిద్దారని చరిత్రకారుల అనుమానం. ఆజ్ఞను పక్కనపెట్టి పోరాడిన మాట మాత్రం నిజం. నెగ్గాడు కనుక శిక్ష లేదు సరికదా, నెల తిరిగేసరికి పార్కర్ పదవి ఆయనకే దక్కింది.

దీనికన్నా మనసును పట్టి కుదిపేది "రీడ్ ది రయట్ యాక్ట్". గట్టిగా చీవాట్లు పెట్టడమని ఇవాళ అర్థం. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టర్లు వార్డుల్లో ఈ మాట వింటూనే ఉంటారు. అయితే అది ఒకప్పుడు నిజంగా చదివి వినిపించిన చట్టం. జర్మనీ నుంచి వచ్చిన మొదటి జార్జి గద్దెనెక్కాక అల్లర్లు చెలరేగితే, 1715లో దాన్ని అమల్లోకి తెచ్చారు. పన్నెండుమందో అంతకు మించో గుమిగూడి గొడవకు దిగితే, మేజిస్ట్రేటు వచ్చి బిగ్గరగా ప్రకటన చదవాలి. గంటలోగా చెదిరిపోకపోతే మరణశిక్ష. చివర ఉండే రాజును దేవుడు కాపాడాలన్న మాట చదవడం మరిచారని 1830లో ఒక కేసు నిలవలేదు.

1819 ఆగస్టు 16న మాంచెస్టరు సెయింట్ పీటర్స్ మైదానంలో సుమారు అరవై వేలమంది ఓటుహక్కు కోసం చేరారు. చట్టం చదివామని అధికారులు అన్నారు. ఆ జనసందోహంలో అది ఎవరి చెవిన పడుతుంది? గుర్రపు దళం కత్తులతో దూసుకుపోయింది. పదిహేనుమందికి తక్కువ కాకుండా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఈ చట్టం 1967 దాకా పుస్తకాల్లోనే ఉంది.

ఇచ్చింది తీసుకోవడం తప్ప వేరే దారి లేదని చెప్పే "హాబ్సన్స్ ఛాయిస్" కథ చిన్నది, మంచిది. కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చే థామస్ హాబ్సన్, వాకిలికి దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలనేవాడు. లేదంటే కుర్రాళ్ళు ఎప్పుడూ మేలైనవాటినే తోలి చంపేస్తారని. ఆయన 1631లో పోయాడు.

భోగాపురం బళ్ళలో ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక విన్నపం: పిల్లల చేత అర్థాల పట్టిక రాయించే ముందు, మాంచెస్టరు మైదానంలో ఏం జరిగిందో ఒక్కసారి చెప్పండి.