హుస్సేనీ ఆలం: వీథిలోని పంక్తి

అన్నమునకు కులము లేదని మనము నోట ననుచుందుము. కాని మన వంటయింటి గడపవలె కులమును గుర్తెఱిగిన గడప వేఱొకటి లేదు. కలిసి బ్రదుకుటకు కలిసి భుజించుట తొలిమెట్టని మన సంస్కర్తలు ఏల పట్టుపట్టిరో తెలియవలెనన్న, హైదరాబాదు పాతనగరమున ఒక పేట చరిత్రను పరికింతము.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా నెలకొల్పిన ఈ నగరమున, చార్మినారుకు పడమటి దెసను హుస్సేనీ ఆలం అను పేట కలదు. ఆలమనగా మన పల్లెలలో పీరనెడు ధ్వజచిహ్నము. ఇచ్చటి ఆషుర్ఖానాలో నిలుపబడు ఆలమే పేటకు పేరయ్యెను.

680లో కర్బలా మైదానమున ఇమాము హుసేనునకును, ఆయన పరివారమునకును నీరందకుండ శత్రువులు నదిని అడ్డగించిరి. ఆ దాహమును తలచుకొని మొహర్రము దినములలో దారిపక్కల చలివేంద్రములు పెట్టి షర్బతు పోయుదురు. దమ్‌కే రోట్ అను తీపిరొట్టెలను ఆలములకు సమర్పించి పంచిపెట్టుదురు. తెలంగాణపు పల్లెలలో హిందువులును పీరుల పండుగ చేసికొని, మలీద ముద్దలను తెచ్చి యిత్తురు. చలివేంద్రము పెట్టినవాడు త్రాగువాని పేరడుగడు. దాహమొక్కటే అచ్చటి అర్హత. మొహర్రము నేర్పిన గొప్ప పాఠమిదియేయని మేము తలంచుచున్నాము.

ఈ పాఠమును మూసీనది మఱియొకమారు కఠినముగా నేర్పినది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వఱదలో వేలకొలది జనులు మడిసిరి. అఫ్జల్‌గంజు ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరందురు. ఆ కొమ్మపై పక్కవాని కులము నెవ్వరైన నడిగియుందురా? నిరాశ్రయులకై నగరమున అన్నశాలలు తెఱవబడెను. ఆ వఱద కాలముననే ప్రధాని మహారాజా కిషన్‌పర్షాదు సలహాపై, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను లాల్‌దర్వాజా మహాకాళికి మ్రొక్కెనని నేటికిని చెప్పుకొందురు. ఏటేట ఆ దేవికి స్త్రీలు తలపై మోసికొనిపోవు బోనమనగా భోజనమే గదా! ఒకరు షర్బతు కుండతో, ఒకరు అన్నపు కుండతో వీథికి వచ్చిరి. రెండును పంచుకొనుటకే.

ఇక హలీము మాట. నిజాముల సైన్యమున కొలువునకు వచ్చిన హద్రమౌతు అరబ్బులు బార్కసులో స్థిరపడిరి. గోధుమయు మాంసమును కలిపి వండు వారి హరీసు ఈ నగరపు మసాలాలను, నేతిని, పప్పులను చేర్చుకొని హలీమయ్యెను. భట్టీలపై దేగిసాలు పెట్టి, గంటలకొలది ఉడికించి, కొయ్య గుదియలతో మెదపినగాని గోధుమ యేదియో మాంసమేదియో తెలియనంతగా కలియదు. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించెను. పరదేశపు వంట పదుగురి చేతులు పడి స్వదేశపు వంటయైనది. రంజాను సాయంకాలములందు దానికొఱకు ఇతర మతస్థులును పాతనగరపు వీథులకు వత్తురు.

మాంసము ముట్టనివారి మాటయేమని కొందఱు ప్రశ్నింతురు. యుక్తమైన ప్రశ్నయే. అందఱి విస్తరిలోను ఒక్కటే వంట యుండవలెనని మేమనము. ఎవని విస్తరిలో ఏమున్నదన్నది వాని యిష్టము; ఆ విస్తరి ప్రక్కను ఎవనికి చోటున్నదన్నది మాత్రము సంఘమునకు సంబంధించిన విషయము. పప్పన్నము తినువాడును మాంసము తినువాడును ఒక పంక్తిని కూర్చుండి మాటలాడుకొనవచ్చును.

హుస్సేనీ ఆలం వీథి అపరిచితునకు షర్బతు పోసినది. మన యిండ్లలో పనిచేయువారికి మాత్రము వేఱు గ్లాసు, వేఱు పళ్లెరము ఇంకను కొన్నిచోట్ల అరుగుమీదనే యున్నవి. పాతనగరమునకు పోయి హలీము మెచ్చి వచ్చి, ఇంట ఆ గ్లాసును అట్లే యుంచువాడు రుచిని ప్రేమించెనేగాని పొరుగువానిని ప్రేమింపలేదు. పాఠకులారా, ముందుగా ఆ గ్లాసును లోనికి తెచ్చి తక్కిన గ్లాసులతో కలుపుడు. సంస్కారము అచ్చటనే ఆరంభము కాగలదు.